మార్తమ్మ టీచరుగారి కొప్పులో పెన్ను

మొన్న పాలకొల్లులో బ్యాంకుకు వెళ్ళి చలాను నింపుదామని బ్యాగు తెరిస్తే పెన్ను లేదు. కాలేజీలో కామర్స్ చెప్పే మనిషిని, సంచి దులిపితే రోజూ గుప్పెడు పెన్నులు రాలతాయి. బ్యాంకులో నిలబడినప్పుడు మాత్రం ఒక్కటీ ఉండదు. కౌంటరు మీద దారం కట్టిన పెన్ను ఉంది గానీ అందులో రీఫిల్ లేదు. ఎవరో ఎత్తుకుపోతారని అంత శ్రద్ధగా దారం కట్టినవాళ్ళు, ఆ దారం చివర పనికొచ్చేది ఉందో లేదో చూడరెందుకో. ఆ మాట పైకే అన్నాను. నేను పైకి అనని మాటలు తక్కువ.

పక్కన డ్వాక్రా సంఘం పాసుపుస్తకాలు చంకలో పెట్టుకుని నిలబడ్డ ఒకావిడ నవ్వి, కొప్పులోంచి తెల్లటి బాల్‌పెన్ను లాగింది. నీలం మూత ఊడదీసి తన గుప్పిట్లో ఉంచుకుని పెన్ను నాకు ఇచ్చింది. "మూత నా దగ్గరుంటాదండి" అంది, ముందే చెప్పేస్తే ఇద్దరికీ మంచిదన్నట్టు. గీస్తే మొదట సిరా రాలేదు. రెండు అరచేతుల మధ్య పెట్టి గరగరా రుద్దాను. దాని ఆరు పలకల ఒళ్ళు ఒరుసుకుని పెన్ను వేడెక్కి, కొబ్బరినూనె వాసన, సిరా వాసన కలిసి ముక్కుకు తగిలాయి. చలాను నింపకుండా అలా నిలబడిపోయాను. కౌంటరు మీద, దారం పెన్ను పక్కనే, వేలిముద్రల ఇంకు డబ్బా మూత తెరిచి ఉంది. కొన్నేళ్ళ కిందట ఇదే కౌంటరు దగ్గర అలాంటి డబ్బానే మా మార్తమ్మ టీచరుగారి ముందుకు జరిపారు. ఊళ్ళో సగంమంది చేత అక్షరాలు దిద్దించిన మనిషి, బొటనవేలు అందులో ముంచాలా, పేరు రాయాలా అన్నదే ఆ రోజు తగాదా. ఆ తగాదా చెప్పాలంటే ముందు ఆవిడ కొప్పు గురించి చెప్పాలి.

నేను ఎనిమిదో తరగతిలో చేరేనాటికి ఆవిడ మా ఆడపిల్లల హైస్కూల్లో తెలుగు టీచరు. ఇస్త్రీ మడత చెదరని నేత చీర, ఆదివారం చర్చికి, సోమవారం బడికి ఒకటే నడక. నున్నగా నూనె రాసి దువ్విన పెద్ద కొప్పు, అందులో ఎప్పుడూ నీలం పెన్ను ఒకటి, ఎర్ర పెన్ను ఒకటి. మిగతా టీచర్లు పూలు పెట్టుకునేచోట ఆవిడ పెన్నులు పెట్టుకునేవారు. రెండూ కిరాణా కొట్లో బిస్కెట్ల సీసా పక్కన గ్లాసులో వేసి అమ్మే రకం, అన్నిట్లోకీ చవక. ఆ రోజుల్లో బాల్‌పెన్నంటే బళ్ళో చిన్నచూపు. పెద్దమనిషైనవాడికి జేబులో సిరాపెన్ను ఉండాలి, పిల్లల దస్తూరీ సిరాపెన్నుతోనే కుదరాలి అన్నది మా హెడ్మాస్టరుగారి సిద్ధాంతం. ఆ సిద్ధాంతం పుణ్యమా అని మా వోణీలన్నీ నీలం మచ్చలే. కూలికి వెళ్ళే ఇళ్ళ పిల్లలు ఒకే ఒక్క వోణీని సబ్బురాయితో అరిగేదాకా ఉతుక్కునేవారు.

ఒకరోజు ఆయన మా క్లాసుకే వచ్చి గుమ్మంలో నిలబడ్డారు.

"ఏవండీ మార్తమ్మగారూ, పిల్లలకి ఈ బాల్‌పెన్నులు మీరే అలవాటు చేస్తున్నారంట?"

"ఆయ్, నేనేనండి."

"మరి దస్తూరీ ఏమైపోవాలండి?"

"ముందు రాయనివ్వండి మాస్టారూ. రాయగా రాయగా అదే కుదురుద్ది. దస్తూరీ కుదిరిందాకా ఆగితే, ఈ పిల్లలకి పెళ్ళిళ్ళయిపోతాయి."

ఆయన నవ్వాలో కోప్పడాలో తేల్చుకోలేక వెళ్ళిపోయారు. ఆవిడ వెనక్కి తిరిగి, ఏమీ జరగనట్టు, సంధి ఎక్కడ ఆపామో అడిగారు. గొంతు పెంచకుండా, ఒక్క మర్యాద తగ్గించకుండా వాదించవచ్చని నేను మొట్టమొదట చూసింది అప్పుడే. మా ఇంట్లో వాదన అంటే పెరట్లోంచి వీధిలోకి వినబడేది.

ఇక నా సంగతి. మా నాన్నగారికి బజారులో బట్టల కొట్టు. ఆయనకు ఎవరో వ్యాపారి బంగారు రంగు మూత ఉన్న సిరాపెన్ను బహుమతిగా ఇస్తే, ఆయన నాకిచ్చారు. దాన్ని పట్టుకుంటే చాలు, నా చేయి నాది కాకుండా పోయేది. ఒక్కో అక్షరాన్నీ ముగ్గు వేసినట్టు వేసేదాన్ని. మా ఊరి సంత గురించి వ్యాసం రాయమంటే గంటసేపు కూర్చుని అరపేజీ రాశాను. టీచరుగారు అది చదివి నన్ను బల్ల దగ్గరకు పిలిచారు.

"ఏమే దుర్గా, క్లాసులో నీ నోటికి అడ్డూ ఆపూ ఉండదు కదా. కాగితం మీద ఈ అరపేజీ ఏంటే?"

"బాగా రాయాలనండి."

"బాగా రాయమని నేనడిగానా? నువ్వు చూసింది రాయమన్నాను. ఈ బంగారపు మూత నిన్ను రాయనివ్వట్లేదు. దానికి తగ్గ మాట కోసం చూస్తా కూర్చున్నావు."

కొప్పులోంచి నీలం పెన్ను తీసి, మూత ఊడదీసి, తన బల్ల మీద నిలబెట్టారు. "మూత నా దగ్గరుంటుంది. గంట కొట్టాక పెన్ను తెచ్చి ఇచ్చెయ్."

ఆ పెన్నుకు కొబ్బరినూనె జిడ్డు. వెనక బిరడా మీద ఎవరో కొరికిన గుర్తులు. దాని మీద గౌరవం పెట్టుకోవాల్సిన అవసరం ఏమాత్రం కనబడలేదు. పోతే ఏడవక్కర్లేదు, విరిగితే ఎవరూ తిట్టరు, మనం చెత్తగా రాసినా అది చిన్నబుచ్చుకోదు. గంట కొట్టేలోగా సంతలో చేపలమ్మే ఆవిడ తిట్లతో సహా పేజీలు నిండిపోయాయి. ఇప్పటికీ ఖరీదైన పెన్నులు బహుమతిగా వస్తుంటాయి. వాటిని పెట్టెల్లోనే ఉంచి గౌరవిస్తాను. చవక పెన్నుకు ఇంట్లో ఒక చోటంటూ ఉండదు. క్యాలెండరు మేకుకు వేలాడుతుంది, గ్యాసు పుస్తకంలో ఉంటుంది, స్కూటరు డిక్కీలో దొరుకుతుంది. లంగాకి బొందు ఎక్కించేది అదే, ఒకప్పుడు క్యాసెట్ టేపు వెనక్కి తిప్పిందీ అదే. నా పిల్లల నుంచి మా పనిమనిషి వరకు ఎవరూ దాన్ని "నీ పెన్ను తీసుకోనా" అని అడగరు, "పెన్నేదీ" అంటారు. ఇంట్లో అందరిదీ అయిన వస్తువు అదొక్కటే అనిపిస్తుంది. టీవీ రిమోట్ కూడా కాదు.

ఆ బాల్‌పెన్నుతో వచ్చిన చిక్కల్లా, చెరిపితే చెరగదు. తప్పు రాసిన మాట మీద అడ్డంగా, నిలువుగా, గుండ్రంగా గీసి గీసి కాగితం చిరిగేదాకా కొట్టేసేవాళ్ళం. టీచరుగారికి అది చూస్తే ఒళ్ళు మండేది.

"ఎందుకే ఆ కాకి గూడు? ఒక్క గీత చాలు. కింద ఏముందో కనబడాలి."

"తప్పు కదండీ, కనబడితే ఎలాగండి?" అన్నాను, వాదనకు అవకాశం దొరికిందని.

"ముందు అలా అనుకున్నావు, తరవాత మనసు మార్చుకున్నావు. అందులో సిగ్గుపడేదేముంది? దొంగతనం చేశావా దాచడానికి?"

నా నోటికి కూడా ఆవిడ అదే మందు వేశారు. "నోరు మూసుకో" అన్నది మా ఇంట్లో మా నాయనమ్మ మొదలు అందరూ నాతో రోజూ అనే మాట. బళ్ళో మిగతా టీచర్లు దాన్ని ఇంగ్లీషులో అనేవారు. ఈవిడ ఒక్కరే అనలేదు. నేను ఎవరి మీదైనా లేస్తే కొప్పులో పెన్ను నా చేతిలో పెట్టి, "అనాలనుకున్నది ముందు రాయి. రాశాక కూడా అనాలనిపిస్తే లేచి నిలబడి అను, నేను వింటాను" అనేవారు. రాస్తుంటే సగం కోపం దానంతట అదే ఒక్క గీత కిందకు పోయేది. మిగిలిన సగం మాత్రం ఎవరూ కదపలేనంత గట్టిగా మిగిలేది. ఆ మిగిలిన సగంతోనే నేను ఇన్నేళ్ళూ నెగ్గుకొచ్చాను.

అది నేను మొదటిసారి నిజంగా వాడింది తొమ్మిదో తరగతిలో. మా బాత్రూము తలుపుకు గడియ ఊడిపోయింది. ఒకరు లోపలికి వెళితే ఇంకొకరు బయట తలుపు పట్టుకు నిలబడాలి. పిల్లలు పొద్దున్నుంచి మంచినీళ్ళు తాగడం మానేశారు. నోటితో ఎన్నిసార్లు చెప్పినా "చూద్దామమ్మా" అన్నారు హెడ్మాస్టరుగారు. టీచరుగారితో చెబితే పెన్ను చేతిలో పెట్టారు. అర్జీ రాశాను. మధ్యలో "తమరి ఇంట్లో ఆడపిల్లలకైతే ఇలాగే ఉంచుతారా" అని రాసి, ఎక్కువైందనిపించి ఒక్క గీత కొట్టాను. సాపుప్రతి రాస్తానంటే టీచరుగారు ఒప్పుకోలేదు. "ఇలాగే ఇచ్చెయ్. ఎంత తగ్గి రాశావో ఆయనకీ తెలియాలి కదా."

హెడ్మాస్టరుగారు కళ్ళజోడు సవరించుకుని చదివారు. సరిగ్గా ఆ గీత దగ్గర ఆగారు. కాగితాన్ని దగ్గరకు తెచ్చుకున్నారు. మొహం ఎర్రబడింది.

"ఏంటిది? ఎంత మాట రాసింది చూశారా, మార్తమ్మగారూ?"

ఆవిడ తొంగి చూసి, నెమ్మదిగా అన్నారు. "కొట్టేసిందండి. అనలేదు."

"కనబడతానే ఉంది కదండీ!"

"ఆయ్, కనబడతానే ఉందండి. కానీ అనలేదు."

 మర్నాడు వడ్రంగి వచ్చి కొత్త గడియ బిగించి వెళ్ళాడు. ఆ తరవాత ఎప్పుడో ఆయన పిల్లలందరికీ బాల్‌పెన్నులు తెచ్చుకోవచ్చని చెప్పారు. దస్తూరీ మీద ఆశ వదులుకున్నారో, వోణీల మీద జాలి పడ్డారో తెలియదు. నాకు మాత్రం వీధిలో కొత్త ఉద్యోగం వచ్చింది. కుళాయి రాకపోతే, వీధిదీపం వెలగకపోతే, పింఛను ఆగిపోతే, "దుర్గ చేత రాయించండి" అనేవారు. ఇప్పటికీ అంటున్నారు.

గడియ బిగించిన రోజున బడి అయ్యాక ఇద్దరం కలిసి నడిచి వెళ్తుంటే ఆవిడ వాళ్ళమ్మగారి సంగతి చెప్పారు. ఊడ్పులకూ కోతలకూ వెళ్ళే మనిషి, అక్షరం రాదు. కూతుర్ని బళ్ళో చేర్చడానికి వచ్చినప్పుడు బొటనవేలికి సిరా రాసి కాగితం మీద ఒత్తారట. ఇంటికెళ్ళేదాకా ఆ వేలు చీర చెంగులో చుట్టుకునే ఉందట.

"మా అమ్మ వేలిముద్ర వేసి నన్ను బళ్ళో చేర్చిందే. అక్కడితో మా ఇంట్లో ఆ వేలికి సెలవు" అన్నారు టీచరుగారు.

అంత సూటిగా, అంత తక్కువ మాటల్లో గర్వపడిన మనిషిని నేను మళ్ళీ చూడలేదు.

ఆవిడ రిటైరయ్యారు. నేను చదువుకుని, ఉద్యోగం తెచ్చుకుని, పెళ్ళయ్యాక కూడా ఇదే ఊళ్ళో స్థిరపడ్డాను. వారానికోసారైనా వెళ్ళి ఆవిడతో ఏదో ఒక విషయం మీద వాదించి వచ్చేదాన్ని. ఒక వేసవిలో ఆవిడకు పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయింది. మాట ముద్దగా వచ్చేది. అలవాటున్నవాళ్ళకు తప్ప అర్థమయ్యేది కాదు. చెల్లెలు రూతమ్మగారు దగ్గరుండి చూసుకునేవారు. నేను వెళ్ళేసరికి ఆవిడ మంచం మీద కూర్చుని, ఒళ్ళో పలక అట్ట పెట్టుకుని, పాత క్యాలెండరు కాగితాల వెనకవైపు ఎడమచేత్తో గీతలు గీస్తున్నారు.

"ఏం చేస్తున్నారండీ?"

"నవంబరు" అన్నారు.

నాకు అర్థమైంది. పింఛను తీసుకునేవాళ్ళు బతికే ఉన్నామని ఏటా నవంబరులో బ్యాంకుకు వెళ్ళి కాగితం మీద సంతకం పెట్టాలి. సంతకం పెట్టలేనివాళ్ళకు ఇంకు డబ్బా ఉంది.

ఆవిడకు సులువుగా ఉంటుందని రాజమండ్రి నుంచి మెత్తగా జారే ఖరీదైన పెన్ను ఒకటి తెచ్చాను. రెండు గీతలు గీసి తిరిగిచ్చేశారు. "దీనికి బ్రేకుల్లేవే. నాది తీసుకురా." నిజమే, ఆ చవక పెన్నును అదిమి రాస్తేగానీ రాయదు. ఆ అదమడమే వణికే చేతికి ఒక ఊతం. సిరా ఆగిపోతే ఒక చేత్తో రుద్దలేరు కాబట్టి చెప్పు అడుగున రబ్బరు మీద గీసేవారు. వర్షాకాలమంతా అలాగే గడిచింది. అక్షరాలు మొదట పురుగుల్లా పాకాయి, తరవాత పడుతూ లేస్తూ నిలబడ్డాయి.

నవంబరులో నేనూ రూతమ్మగారూ ఆవిడను ఆటోలో బ్యాంకుకు తీసుకెళ్ళాం. కుర్రాడు ఆఫీసరు చాలా మర్యాదస్థుడు, కుర్చీ తనే తెచ్చి వేశాడు. కంప్యూటరులో పాత సంతకం చూశాడు, ఆవిడ చేయి చూశాడు, ఇంకు డబ్బా మూత తీసి ముందుకు జరిపాడు.

"సంతకం కలవదండి మామ్మగారూ. వేలిముద్ర వేసేయండి, ఒక్క నిమిషంలో అయిపోద్ది."

టీచరుగారు ఎడమచేతిని ఒళ్ళోకి తీసుకుని గుప్పిట బిగించారు.

"ఆవిడ టీచరండి. సంతకం పెడతారు" అన్నాను.

"నేను కాదనట్లేదు మేడమ్. పాతదానితో కలవాలి కదండీ."

"చేయి పడిపోయాక పాతది ఎలా కలుస్తుందండీ? మీ చేయి పడిపోతే మీరు..."

నా గొంతు పైకి లేచింది. క్యూలో ఉన్నవాళ్ళు తిరిగి చూశారు. నా మణికట్టు మీద ఏదో పొడుచుకున్నట్టయింది. చూస్తే పెన్ను. టీచరుగారు తన కొప్పులోంచి తీసి నావైపు చాస్తున్నారు. జుట్టు పలచబడి కొప్పు రేగుపండంత అయింది, అయినా అందులోనే పెట్టుకొచ్చారు. మూత మాత్రం పళ్ళతో లాగి తన ఒళ్ళో వేసుకున్నారు. రాయమన్నట్టు గడ్డంతో కౌంటరు మీదున్న కాగితం చూపించారు.

నలభై దాటిన మనిషిని, తొమ్మిదో తరగతి పిల్లలా నోరు మూసుకుని రాయడం మొదలుపెట్టాను. కుడిచేయి పనిచేయనందున ఇకమీదట ఎడమచేతి సంతకాన్నే నమూనాగా తీసుకోవాలని కోరుతున్నాం అని. మధ్యలో చేయి ఊరుకోక "ఇంగితం ఉన్నవారెవరైనా" అని పడింది. ఒక్క గీత కొట్టాను. టీచరుగారు చూశారు. మొహంలో కదిలే సగం నవ్వింది.

ఆఫీసరు చదువుతూ చదువుతూ ఆగాడు. "ఇంగితం... ఇది కొట్టేశారా మేడమ్?"

"కొట్టేశానండి. అనలేదు."

టీచరుగారి గొంతులోంచి ఒక శబ్దం వచ్చింది. నవ్వే. ఆ కుర్రాడికి ఎంత అర్థమైందో గానీ, తనూ నవ్వి, లోపలికి వెళ్ళి మేనేజరుతో మాట్లాడి, నమూనా సంతకం కార్డు పట్టుకొచ్చాడు. "పెట్టండి మామ్మగారూ. నిదానంగా పెట్టండి, కంగారేం లేదు."

ఇంటిపేరుతో సహా పొడుగ్గా సంతకం చేసిన మనిషి, ఆ రోజు ఒక్క పేరే రాయడానికి పూనుకున్నారు. మొదటిసారి చేయి జారి అక్షరం గడి దాటిపోయింది. "ఇంకో కార్డు తెస్తానండి" అన్నాడతను. ఆవిడ తల అడ్డంగా ఊపారు. తప్పిన అక్షరం మీద వణుకుతూ ఒక గీత లాగారు. ఒక్కటే. దాని కింద మళ్ళీ మొదలుపెట్టారు. రెండే అక్షరాలు, మార్త. వత్తు దగ్గర చేయి ఆగిపోతే రూతమ్మగారు కళ్ళు మూసుకున్నారు. నేను మూసుకోలేదు. పెన్ను అదుముకుంది, తిరిగింది, వత్తు పడింది.

"కొట్టివేత పక్కన కూడా ఓ సంతకం కావాలండి, రూలు" అన్నాడు ఆఫీసరు, నావైపు భయంగా చూస్తూ. ఇంకోసారి రాయమన్నందుకు టీచరుగారి కళ్ళు ఎలా మెరిశాయో ఆ కుర్రాడికి తెలిసి ఉండదు. ఆ తరవాత అసలు కాగితం మీద కూడా పెట్టారు. ఇంకు డబ్బా మూత ఎవరు వేశారో చూడలేదు.

కాగితాలు సర్దుకుంటూ అతను తనూ ఒక సంతకం చేసి, అలవాటుగా ఆవిడ పెన్నును జేబులో పెట్టేసుకున్నాడు. టీచరుగారు మాట్లాడితే అతనికి అర్థం కాదు.  ఎడమచేతి వేళ్ళ మధ్య నీలం మూత పట్టుకుని కౌంటరు మీదకు ఎత్తి చూపించారు. అతను నాలుక కరుచుకుని పెన్ను ఇచ్చేశాడు. క్యూ అంతా నవ్వింది.

ఆ పైన కొన్ని నవంబర్లు ఆవిడ అలాగే సంతకం చేశారు. ఆఖరుసారి నేను వెళ్ళినప్పుడు మంచం మీద నుంచి లేవలేదు. ఏదో రాసుకోవాలని పెన్ను అడిగాను. తలగడ కిందనుంచి తీసి ఇచ్చారు. మూత తీసుకోలేదు.

"మూతండీ?" అన్నాను.

"ఉంచుకో" అన్నారు. ఆ మాట ముద్దగా రాలేదు, స్పష్టంగానే వచ్చింది.

ఇప్పటికి ఎన్ని రీఫిల్స్ మార్చానో తెలియదు. పెన్ను అదే, మూత అదే, బిరడా మీద పళ్ళ గుర్తులు మాత్రం నావి కూడా చేరాయి. దాన్ని పెట్టెలో పెట్టలేదు, పెడితే ఆవిడ ఊరుకోరు. మొన్న బ్యాంకులో చలాను నింపి, డ్వాక్రా ఆవిడ పెన్ను ఆవిడకు తిరిగిచ్చాను. ఆవిడ మూత పెట్టి, కొప్పులో గుచ్చుకుని, "ఇదిగో చూడండి, మూత నా దగ్గరుండబట్టి సరిపోయింది" అని నన్నే దెప్పింది. నాకు ఎంత హాయిగా అనిపించిందో.

ఇంటికొచ్చి ఇది మొదలుపెట్టాను. టీచరుగారి పెన్నుతోనే, కొట్టివేతలతోనే రాశాను. అచ్చులో ఆ గీతలు పోతాయి, అచ్చుతో నా పేచీ అదొక్కటే. ఈ కాగితం మీద మొట్టమొదట రాసిన వాక్యం "మార్తమ్మ టీచరుగారు ఇప్పుడు లేరు" అన్నది. చదువుకుని, దాని మీద ఒక్క గీత కొట్టాను. కనబడుతూనే ఉంది. కానీ అనలేదు.